సమ్మక్క అనే పేరు

మేము పెరిగిన గూడెంలో నలభై గడపలు ఉండేవి. వాటిలో ఏడుగురు సమ్మక్కలు. పెద్ద సమ్మక్క, బాయికాడి సమ్మక్క, ఇప్పచెట్టు సమ్మక్క, మేకల సమ్మక్క, నల్ల సమ్మక్క. మిగిలిన ఇద్దరిని వాళ్ల తల్లుల పేర్లు కలిపి పిలిచేవాళ్లం. చేలో నిలబడి ‘ఓ సమ్మక్కా’ అని కేకేస్తే ముగ్గురు తలెత్తేవాళ్లు. అయినా ఎవరినీ ఎవరితో పొరబడింది లేదు.

ఇప్పుడు అదే గూడెంలో పదేళ్లలోపు ఆడపిల్లల్లో ఒక్క సమ్మక్క కూడా లేదు. అంగన్‌వాడీ పుస్తకంలో అక్షిత, సాత్విక, వైష్ణవి, హన్సిక ఉన్నారు. పిల్లలు ముద్దుగా ఉన్నారు, పేర్లూ వినడానికి బాగానే ఉన్నాయి. ఏ తల్లికైనా తన బిడ్డకు నచ్చిన పేరు పెట్టుకునే హక్కు ఉంది. దాని మీద మాకు పేచీ లేదు. మేము అడిగేది వేరే. ఈ కొద్ది ఏళ్లలోనే గోదావరి మీద తుపాకులగూడెం దగ్గర కట్టిన బరాజుకు సమ్మక్క పేరు పెట్టారు. 2014 విభజన చట్టంలో రాసిన గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదం దొరికితే, దానికీ సమ్మక్క సారక్కల పేరే పెట్టారు. మేడారం ఉన్న మండలమే సమ్మక్క సారలమ్మ తాడ్వాయి మండలం. అది కూడా బోర్డుల మీద, బస్సుల మీద ‘ఎస్.ఎస్. తాడ్వాయి’ అయిపోయింది. ఆ రెండు ‘ఎస్’లు ఎవరివో తెలియని ఉద్యోగులు ఆ మండలంలోనే పని చేసి బదిలీ అయి పోతుంటారు. మనుషుల మీద నుంచి దిగిపోతున్న పేరు కట్టడాల మీదికి ఎక్కుతోంది. ఇది గౌరవమా, ఇంకేదైనానా అన్నది ఆలోచించవలసిన విషయమని మాకు తోచింది.

ముందు ఆ పేరునే చూద్దాం. తెలంగాణ ఊళ్లలో ఆడదేవతల పేర్లు చాలావరకు ‘అమ్మ’తో ముగుస్తాయి. పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ. అమ్మ అన్నాక భయభక్తులు ఉంటాయి. అమ్మ కోపిస్తుంది, కరుణిస్తుంది, బోనం అడుగుతుంది. సమ్మక్క మాత్రం అక్క. అక్క మనతో పుట్టింది, మనకంటే ముందు పుట్టింది, మనల్ని చంకనేసుకుని తిరిగింది. తనకు దొరికిన జానెడు రొట్టెలో సగం మనకు పెట్టింది. ఆమెకు మొక్కుతాం, కానీ ఆమె మీద అలగనూ గలం. మేడారం గద్దెల ముందు నిలబడి ఆడవాళ్లు మాట్లాడే తీరు వినండి. అది స్తోత్రంలా ఉండదు. ‘మొన్న జాతరకు వచ్చినప్పుడు ఏం చెప్పిన నీకు? యాదికుందా?’ అని నిలదీస్తారు. అక్క కనుకనే ఆ చనువు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. సమ్మక్క తల్లి, సారలమ్మ బిడ్డ. తల్లి పేరులో అక్క ఉంది, బిడ్డ పేరులో అమ్మ ఉంది. సారలమ్మను సారక్క అని కూడా అంటారు. అప్పుడు తల్లీబిడ్డలిద్దరూ అక్కలే. బంధుత్వాల లెక్కన చూస్తే ఇది కుదరదు. కానీ మా వాళ్లెవరికీ ఇది ఎన్నడూ తప్పుగా తోచలేదు. ఎందుకంటే పేరు చివర ఉన్న అక్క, అమ్మ ఆ మనిషికి ఇంకో మనిషితో ఉన్న వరుసను చెప్పవు. పిలిచేవాడు ఆ మనిషికి ఎంత దగ్గర నిలబడ్డాడో చెబుతాయి.

దీనికంటే మాకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. పుట్టి ఇరవై ఒక్క రోజులు కాని పసిగుడ్డుకు సమ్మక్క అని పేరు పెడితే, ఆ రోజు నుంచి డెబ్బై ఏళ్ల తాత కూడా ఆ బిడ్డను అక్కా అనే పిలవాలి. మేకలు కాసే పిల్లను ఊరి పెద్ద అక్కా అంటాడు, కూలికి పిలవడానికి వచ్చిన దొర కూడా, మనసులో ఏమున్నా, నోటితో అక్కా అనే అనాలి. బిడ్డ ఏమీ సాధించకముందే పేరు ఆమెకు పెద్దరికం ఇచ్చేస్తుంది. మేడారం కథలో అడవికి పోయిన కోయ దొరలకు పులుల మధ్య ఆడుకుంటూ ఒక బిడ్డ దొరికిందంటారు. దొరికిన ఆ పసిబిడ్డే అందరికీ అక్క అయింది. పెంచిన వాళ్లకూ అక్కే, ఏలిన రాజుకూ అక్కే. తోడబుట్టినవాళ్లు ఎవరో తెలియని బిడ్డకు గూడెమంతా తోడబుట్టినట్టయింది. మేము ఆ కథను ఇలాగే చదువుకుంటాం.

అక్క అన్న మాట ఒంటి మీద నిలిచిపోయే బలం ఇప్పటికీ ఉందనడానికి దూరం పోనక్కర్లేదు. ములుగు ఎమ్మెల్యే, మంత్రి, కోయ ఆడబిడ్డ, ఎన్నికల కాగితాల్లో ధనసరి అనసూయ. జనం నోట మాత్రం సీతక్క. అజ్ఞాతంలో ఉన్ననాటి పేరు చట్టసభ దాకా వచ్చింది, పురాణం నుంచి వచ్చిన పేరు కాగితంలో ఉండిపోయింది. కోయల్లోంచి వచ్చిన కథకురాలు పద్దం అనసూయ పేరూ అదే. ఆమె కథల పుస్తకం ‘మూగబోయిన శబ్దం’ మాలో చాలామంది చేతులు మారింది. వాళ్ల పేర్లను మేము తప్పు పట్టడం లేదు. మా ఆడవాళ్లలో బడి గడప ఎక్కిన తొలి తరానికి ఎటువంటి పేర్లు దొరికాయో చూడమంటున్నాం, అంతే. బడికి పోయే బిడ్డకు పురాణం పేరు, మేకల వెంట పోయే బిడ్డకు గద్దె పేరు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరి మధ్య ఈ తేడా మేము మా ఇళ్లలోనే చూశాం.

ఇక ఈ పేరు వాడుక గురించి. ఇది కోయల దగ్గరే ఆగిన పేరు కాదు. వరంగల్, కరీంనగర్ వైపు ఏ ఊరికైనా పోండి. మాదిగ వాడలో, గొల్ల ఇంట్లో, మున్నూరు కాపుల్లో, పద్మశాలీల్లో, చివరికి రెడ్ల ఇళ్లలో కూడా సమ్మక్క ఉంటుంది. పిల్లలు లేనివాళ్లు మేడారంలో మొక్కుకుంటారు. బిడ్డ పుడితే పుట్టువెంట్రుకలు అక్కడే తీయించి, బిడ్డ ఎత్తు బెల్లం తూచి ఇస్తారు. ఆ బెల్లాన్ని బంగారం అనే అంటారు. ఆడపిల్లయితే సమ్మక్క, సారక్క, సారమ్మ. మగపిల్లవాడయితే సమ్మయ్య, సారయ్య, జంపయ్య. జాతర రెండేళ్లకొకసారి మాఘ పున్నానికి వస్తుంది కనుక ఈ పేర్లు క్యాలెండర్ పని కూడా చేసేవి. వయసు అడిగితే మా నాయనమ్మ తరం వాళ్లు సంవత్సరం చెప్పలేరు, తమకు ఎన్ని జాతరలు ఎరుకో చెబుతారు. రెండుతో హెచ్చవేసుకోవడం మన పని.

ఇందులో ఒక వ్యాకరణం సంగతి ఉంది, దాన్ని పండితులు పట్టించుకున్నట్టు మాకు కనబడలేదు. సాధారణంగా మగవాడి పేరుకు తోక మార్చి ఆడపేరు చేస్తారు. రామయ్య ఉంటే రామక్క, లింగయ్య ఉంటే లింగక్క. సమ్మక్క దగ్గర ఇది తిరగబడింది. ఇక్కడ మూలం ఆడపేరు. సమ్మయ్య అనే దేవుడు లేడు, సమ్మయ్య అనే వీరుడు లేడు. సమ్మయ్య అంటే సమ్మక్క పేరు మోసే మగవాడు. పోచయ్య, ఎల్లయ్య కూడా ఇంతేననుకోండి. అయితే పోచమ్మకు మొగుడి కథ అంతగా లేదు. సమ్మక్కకు పెనిమిటి ఉన్నాడు, పగిడిద్దరాజు. ఆయనదీ గద్దె ఉంది. పూనుగొండ్ల నుంచి పెనక వంశం వాళ్లు ఆయన్ను కాలినడకన తీసుకొస్తారు. అంతటివాడి పేరు మగపిల్లలకు పెట్టడం చాలా అరుదు. మగబిడ్డ పుట్టినా పెనిమిటి పేరు కాదని పెండ్లాం పేరే ఒక అక్షరం మార్చి పెట్టుకున్నారు. లక్షల ఇళ్లలో, అన్ని కులాల్లో, ఎవరూ చెప్పకుండానే జరిగిన పని ఇది. ఆడదాని పేరును మగవాళ్లు ఇంత ఇష్టంగా మోసిన చోటు తెలుగు నేలలో ఇంకెక్కడుందో చెప్పమనండి.

ఇప్పుడు మా అభ్యంతరాలు చెబుతాం.

మొదటిది ‘వనదేవత’ అనే మాట. జాతర వచ్చిందంటే పత్రికల నిండా ఇదే. వనదేవతల ఆగమనం, వనదేవతల వనప్రవేశం. మా గూడెంలో ఏ ముసలమ్మ నోటా ఈ మాట మేము వినలేదు. వాళ్లు ‘సమ్మక్క వస్తంది’ అంటారు, ‘సమ్మక్క పోయింది’ అంటారు, అంతే. వనదేవత అనగానే చదివేవాడికి ఏం తోస్తుంది? చెట్ల మధ్య పూలు పెట్టుకుని తిరిగే ఒక సుకుమారి తోస్తుంది. కథలోని సమ్మక్క అలాంటిది కాదు. కరువొచ్చింది, కాకతీయులకు కప్పం కట్టలేమన్నారు, సైన్యం వచ్చింది. పెనిమిటి, బిడ్డలు, అల్లుడు ఒక్కొక్కరుగా పడిపోయారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో పడితే అది జంపన్న వాగయింది. దెబ్బలు తిన్న ఒంటితో ఆమె చిలకలగుట్ట వైపు నడిచిపోయింది. ఇది పన్ను కట్టని మనుషుల కథ. వనదేవత అనే ఒక్క సమాసం ఈ కథలోని పన్నునూ రాజునూ నెత్తురునూ తుడిచేసి పచ్చదనం మాత్రం మిగులుస్తుంది. పైగా వనం మాది కాదని అటవీ చట్టాలు చెబుతున్న కాలంలో మా అక్కకు మాత్రం వనదేవత బిరుదు ఇవ్వడం కొంచెం విడ్డూరంగా లేదూ?

రెండోది ఆ పేరుకు ముందూ వెనుకా చేరుతున్న సామాను. ముందు శ్రీ, వెనుక అమ్మవారు. జాతరలో అమ్మే చిన్న పుస్తకాలు కొన్ని ఆమెను ఆదిపరాశక్తి అవతారం చేశాయి. క్యాలెండర్ల వాళ్లు కిరీటం పెట్టి పులి మీద కూర్చోబెట్టారు. మేడారంలో విగ్రహం లేదు. గద్దె ఉంది, వెదురు కర్ర ఉంది, కుంకుమ భరిణె ఉంది. చిలకలగుట్టకు వెతకబోయిన వాళ్లకు ఆమె దొరకలేదు, భరిణె దొరికిందని కథ. ముఖం ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు కనుకనే ఏడుగురు సమ్మక్కలున్న గూడెంలో ఏడు ముఖాలూ ఆమె ముఖాలే అయ్యాయి. బొమ్మ లేనిచోట ఆ పని పేరు చేసింది. బొమ్మ వచ్చాక పేరుకు పని తగ్గింది. కిరీటం పెట్టుకుని పులి మీద కూర్చున్న ఆమె పేరును ముక్కు కారుతున్న మన బిడ్డకు పెట్టాలంటే చెయ్యి వెనక్కి పోతుంది. పిల్లలకు ఈ పేరు పెట్టడం తగ్గడానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు, భక్తి కూడా ఒక కారణమని మేమంటాం. అక్కను అంత ఎత్తున కూర్చోబెట్టాక ఆమె ఇంట్లోకి రాలేదు.

డోలీ కళాకారులు పాడే తీరు వేరు. పడిగె విప్పి వాళ్లు పాడుతుంటే ప్రతి పేరు వెంటా వంశం, గట్టు వస్తాయి. ఏ ఇంటి ఆడపడుచు, ఎవరికి కోడలు, ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చింది అన్న పద్దులో ఆమె పేరు ఒకటి. మణుగూరు దగ్గరి కూనవరం నుంచి వచ్చిన సకిని రామచంద్రయ్య ఈ కథను కోయభాషలో పాడినవాడు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశాడు. ఆ పాటలో ఆమె మహిమ లేదని కాదు. ఉంది. అయితే మహిమ చెప్పేముందు చుట్టరికం చెబుతారు. సాహిత్య విమర్శకులు ఈ వరుసను గమనించాలి. పడిగెలో ఉన్నది మనిషి, క్యాలెండర్‌లో ఉన్నది దేవత. ఇద్దరికీ పేరు ఒకటే.

మూడోది మన తెలుగు కథలు, సినిమాలు. మేము చదివిన పట్నం కథల్లో సమ్మక్క కనబడితే ఆమె దాదాపు ఎప్పుడూ అంట్లు తోముతూనే ఉంటుంది. లేకపోతే కూరగాయల గంప దించుతూ రెండు సామెతలు చెప్పి పోతుంది. ప్రేమించే పిల్ల, చదువుకునే పిల్ల, ఉత్తరం రాసే పిల్ల సమ్మక్క కాదు. ఆ పేరు పెట్టగానే పాత్ర వయసు యాభై అయిపోతుంది, చేతిలోకి చీపురు వచ్చేస్తుంది. అడవి పిల్ల కథానాయిక కావలసి వచ్చినప్పుడు రచయితలు పువ్వుల వైపు పోతారు. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ సినిమాను లోకమంతా చూసింది. ఆ కథంతా ఒక గోండు పిల్ల కోసం నడుస్తుంది. ఆ పిల్ల పేరు మల్లి. మల్లి మంచి పేరే, మా గూడేల్లోనూ మల్లక్కలున్నారు. కానీ చరిత్రలో కొమురం భీము భార్య పేరు సోంబాయి. జంగుబాయిని కొలిచే గోండుల ఇళ్లలో ‘బాయి’ ఎంత సహజమో వేరే చెప్పనక్కర్లేదు. సినిమాకు మల్లి కావలసి వచ్చింది. తెలుగు ప్రేక్షకుడి చెవికి అది మెత్తగా తగులుతుంది. ఎత్తుకుపోతే జాలి కలగాలి కనుక పువ్వు పేరు కుదిరింది. అక్క అని పేరున్న పిల్లను ఎత్తుకుపోయినట్టు చూపించడం కొంచెం కష్టం. ఆమె ఎదురు తిరుగుతుందేమోనని చూసేవాడు ఎదురుచూస్తాడు.

మన రచయితలకు కూడా ఈ మాట చెల్లుతుంది. ఆదివాసీ రచయితలం అని రాసుకుంటున్న మనలోనే ఎంతమంది కథల్లో ఇరవై ఏళ్ల సమ్మక్క ఉంది? మేము మా పాత రాతప్రతులు తిరగేసి చూసుకున్నాం. ఒక కథలో నర్సుగా పనిచేసే కోయ పిల్లకు మేమే స్వర్ణలత అని పేరు పెట్టాం. ఎందుకు పెట్టామో ఇప్పుడు గుర్తు లేదు. బహుశా అచ్చులో బాగుంటుందనుకున్నాం.

ఇదంతా సాహిత్యం సంగతి, పేరు పోతే పోయేదేముంది అనేవాళ్లుంటారు. వాళ్లకోసం మా పెద్దమ్మ సంగతి చెబుతాం.

మా పెద్దమ్మ పేరు సమ్మక్క. పెదనాయనతో కలిసి నాలుగెకరాలు పోడు కొట్టింది. ఆయన పాము కరిచి పోయాక ఒక్కతే చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరనా ఉండాలి, ఒక్కరే ఉంటే ఆ ఒక్కరి పేరన ఉండాలి. సర్వే చేశారు, గ్రామసభలో పేరు చదివారు. పత్రం వచ్చింది. దాని మీద ఇంటిపేరు సరిగ్గానే ఉంది, పేరు దగ్గర ‘సమ్మయ్య’ అని ఉంది. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడు ‘క్క’ ఒత్తే చోట ‘య్య’ ఒత్తాడు. భూమి చేసేవాడు మగవాడే అయి ఉంటాడని అతని వేలుకు అలవాటు. మా ఇంటిపేరుతో ఆ పంచాయతీలో నిజంగానే ఇద్దరు సమ్మయ్యలు ఉన్నారు. ఇద్దరూ మేడారం మొక్కు బిడ్డలే. పంట సాయం వచ్చినప్పుడు అందులో ఒకరి ఖాతాలో పడింది. ఆయన మంచివాడు, తెచ్చి ఇచ్చాడు. రెండోసారి కూడా ఇచ్చాడు. మూడోసారి ఆయన కొడుకు ఇవ్వనివ్వలేదు.

మేము పెద్దమ్మను వెంటబెట్టుకుని ఆ కార్యాలయానికి పోయాం.

‘ఏందమ్మా, ఇందుల సమ్మయ్య అని ఉంది గదా?’

‘సమ్మయ్య ఎవలు సారూ? మా ఇంట్ల సమ్మయ్య లేడు. నేను సమ్మక్కను.’

‘నువ్వు సమ్మక్కవని ఏం రుజువు?’

పెద్దమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. మా వైపు చూసింది. ఆధార్ కార్డు ఇచ్చాం. అందులో ఇంగ్లీషులో ఒక ‘మ’ తగ్గింది, తెలుగులో ‘సమక్క’ అని ఉంది. రేషన్ కార్డులో ‘సమ్మమ్మ’. ఓటరు కార్డులో పేరు సరిగ్గా ఉంది కానీ ఇంటిపేరు తప్పు పడింది. నాలుగు కాగితాల్లో నలుగురు మనుషులు. ఆ నలుగురూ ఒకే మనిషని అఫిడవిట్ తెమ్మన్నారు. నోటరీకి డబ్బులు, పోనురాను ఆటో, రెండు రోజుల కూలి. అక్కడి గోడ మీద పులి మీద కూర్చున్న సమ్మక్క క్యాలెండర్ వేలాడుతోంది. దాని మీద ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ సరిగ్గా ఉన్నాయి.

బయటికొచ్చాక పెద్దమ్మ ఒక్క మాటే అంది. ‘నా పేరు అంత కష్టమున్నదా బిడ్డా?’

మా దగ్గర జవాబు లేదు. ఆమె పేరు ఎంత సులువంటే, కోటిమందికి పైగా జనం జాతరలో నాలుగు రోజులు అదే పేరు పిలుస్తారు. సమ్మక్క చిలకలగుట్ట దిగేటప్పుడు పోలీసులు గాలిలోకి తుపాకులు పేలుస్తారు. 1996 నుంచి ఇది రాష్ట్ర పండుగ. ఏ ముఖ్యమంత్రి వచ్చినా ఆ పేరును తప్పు లేకుండానే పలుకుతాడు. ఇదే పేరు ఒక ముసలామె నాలుగెకరాల కాగితం మీద సరిగ్గా పడదు. ఆడదాని పేరును మగవాళ్లు ఇష్టంగా మోసిన నేల అని పైన గొప్పగా రాశాం. ఆ ఇష్టమే ఆమె భూమి దగ్గర అడ్డం తిరిగింది. సమ్మయ్య ఉన్నాడు గనుక సమ్మక్కను అతని కింద కలిపేయడం సులువైంది.

ఈ మధ్య మా ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టింది. మొక్కు ఉంది కనుక మేడారంలోనే తలనీలాలు తీయించారు. పేరు దగ్గర తగువు వచ్చింది. బిడ్డ తల్లి డిగ్రీ చదివింది. బడిలో నవ్వుతారని, ఏ ఫారం నింపినా తప్పు రాస్తారని, పెద్దమ్మ కాగితాలు చూశాం కదా అని ఆమె వాదం. అందులో అబద్ధం ఏమీ లేదు. మూడు రోజులు సాగింది. చివరికి జనన ధ్రువపత్రంలో ‘సమన్వి’ రాయించారు. తొట్టెల్లో వేసేటప్పుడు పెద్దమ్మ వచ్చి బిడ్డ చెవిలో తన పేరే చెప్పింది. కాగితం తిరిగి వచ్చినప్పుడు చూస్తే దాని మీద ‘సమన్వి’ కూడా తప్పుగానే ఉంది.